కీళ్లవాతం ఉన్న అమ్మకి కళ్ల మంట, మసక: హెచ్‌సీక్యూ మాత్ర ఆపేయాలా?

పరకాల_బిడ్డ:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా అమ్మకి 54 ఏళ్లు. 8 ఏళ్లుగా కీళ్లవాతం ఉంది, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని రాశారు. హన్మకొండలో చూపిస్తున్నాం. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. రోజూ హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్) 200 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మందులు పడ్డాక కీళ్లు చాలా నయం, పనికి పోతోంది. ఎండాకాలం మిర్చి తొడిమలు తీసే పని, మిగతా రోజులు పత్తి చేను.

ఇప్పుడు ఇబ్బంది అంతా కళ్లతో. ఏడాదిగా మండుతున్నాయి, ఇసుక పడ్డట్టుంది అంటోంది. సాయంత్రానికి ఇంకా ఎక్కువ. మిర్చి ఘాటు అనుకున్నాం గానీ పని లేని రోజుల్లో కూడా అంతే. రెండు నెలల నుంచి టీవీలో అక్షరాలు మసకగా ఉన్నాయంటోంది. రెప్పలు ఆడిస్తే కాసేపు తేటగా కనిపిస్తాయట, మళ్లీ మసక.

పోయిన వారం ఊళ్లో తెలిసినాయన ఒకరు "ఆ మాత్ర కళ్లు తీసేస్తది, వెంటనే ఆపు" అన్నారు. అప్పటి నుంచి అమ్మ మాత్ర పక్కన పెట్టేసింది. నేను చెప్తే వినడం లేదు. ఈ మసక ఆ మాత్ర వల్లేనా? ఇన్నేళ్లలో కంటి డాక్టర్‌కి ఒక్కసారి కూడా చూపించలేదు, చూపించాలని మాకు తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కుట్టుమిషన్_హన్మకొండ:

చెల్లె, నాకు 13 ఏళ్లుగా ఇదే జబ్బు. జాకెట్లు కుట్టి బతుకుతున్నాను కాబట్టి కీళ్ల కంటే కళ్ల గురించే నాకు భయం ఎక్కువ. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు నీ ప్రశ్నకి. రెప్పలు ఆడిస్తే తేటపడుతోంది అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. కళ్లు ఎండిపోయినప్పుడు వచ్చే మసక అట్లా ఉంటుంది. కంటి మీది నీటి పొర ఆరిపోతే మసక, రెప్ప కొడితే మళ్లీ పరుచుకుని తేట. హెచ్‌సీక్యూ వల్ల రెటీనా, అంటే కంటి లోపల వెనక పొర దెబ్బతింటే రెప్ప కొట్టినంత మాత్రాన తేడా రాదు. పైగా ఆ దెబ్బ మొదట్లో మనిషికి తెలియనే తెలియదు, పరీక్షలోనే బయటపడుతుంది. అందుకని అమ్మ మంటకి మాత్ర కారణం కాదనే నాకు అనిపిస్తోంది. కానీ 8 ఏళ్లు మాత్ర మింగిన మనిషికి ఆ పరీక్ష వేరుగా చేయించాల్సిందే. మంటకి మందు ఒక పని, మాత్రకి పరీక్ష ఇంకో పని. రెండూ కలిపి గాబరా పడొద్దు.

నాకు ఎండిపోవడం తెలిసింది సూదిలో దారం దగ్గర. పెళ్లిళ్ల రోజుల్లో పొద్దున్నే పది సూదులకు దారాలు ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టుకునేదాన్ని, ఎందుకంటే సాయంత్రానికి సూది బెజ్జం అలుక్కుపోయినట్టు కనిపించేది. అద్దాలు మార్చాను, అంతే. ఆఖరికి ఒక కంటి డాక్టరమ్మ నా కింది రెప్పలోకి సన్నటి కాగితం పట్టీ మడిచి తగిలించి, కళ్లు మూసుకోమని, గడియారం చూసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. షిర్మర్ పరీక్ష అంటారు. ఆ పట్టీ మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. బాగున్న కన్నైతే ఐదు నిమిషాల్లో తడి 10 గీతలు దాటుతుంది. 5 కంటే తక్కువైతే బాగా ఎండినట్టు. నాది కుడి కంటికి 3, ఎడమ కంటికి 4. ఆ పట్టీలు నా చేతిలో పెట్టి చూపించింది. మిగతా కాగితమంతా పొడిగా, కత్తిరించినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఏడుపొచ్చింది, కంట్లో నీళ్లు రాలేదు.

ఆ వెంటనే ఆమె అడిగిన ప్రశ్న నేను అనుకోనిది. "అన్నం మింగడానికి మధ్యమధ్యలో నీళ్లు కావాలా?" అని. నాకు అప్పటికి ఏడాదిగా జొన్నరొట్టె ముక్క నీళ్లు లేకుండా గొంతు దిగడం లేదు. కళ్లకీ దానికీ లంకె ఉందని ఎన్నడూ అనుకోలేదు. దాన్ని షోగ్రెన్ అంటారు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే కన్నీటి గ్రంథుల మీదా లాలాజలం గ్రంథుల మీదా పడతాయి. హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్‌లో కంటి డాక్టర్. కళ్లెండిపోయిన ఆడవాళ్లను పరీక్షిస్తూ, వాళ్లలో ఎక్కువమందికి కీళ్లవాతం కూడా ఉందని గమనించి 1933లో రాశాడు. కళ్లు చూసే మనిషి కీళ్ల సంగతి కూడా అడిగాడు కాబట్టి ఇది తెలిసింది. నువ్వు కూడా అమ్మని అడుగు: నోరెండిపోతోందా, రాత్రిళ్లు నీళ్లకి లేస్తోందా, ఈ మధ్య పళ్లు ఎక్కువగా పుచ్చుతున్నాయా. అవునంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఇక మాత్ర. అమ్మ బరువెంత? ఇది చాలా ముఖ్యం. హెచ్‌సీక్యూ రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా కంటి డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది, ఇక్కడ నా డాక్టర్ కూడా అదే లెక్క వేస్తారు. నేను 61 కిలోలు, నాకు 300 రాశారు. జబ్బు మొదట్లో ఉన్న బరువుకి రాసిన డోసు, మనిషి చిక్కిపోయాక కూడా అట్లాగే సాగిపోతుంటుంది. ఎవరూ మళ్లీ తూకం వేయరు. ఆ సంఘం లెక్క ప్రకారమే, డోసు హద్దులో ఉంటే మొదటి 5 ఏళ్లలో రెటీనా దెబ్బతినేది నూటికి ఒకరి కంటే తక్కువ, 10 ఏళ్ల వరకూ నూటికి ఇద్దరి కంటే తక్కువ. 20 ఏళ్లు దాటాక మాత్రం దాదాపు 20 మందికి. అంటే భయం అబద్ధం కాదు, కానీ ఏళ్ల మీద, డోసు మీద ఆధారపడి ఉంటుంది. కిడ్నీ సరిగా లేకపోతే మందు ఒంట్లోంచి త్వరగా పోదు కాబట్టి అట్లాంటివాళ్లకి ప్రమాదం ఎక్కువ. అమ్మ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా తీసి పెట్టుకో.

నాలుగు రోజులు మానినందుకు కంగారు పడకు, ఆ మందు ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది. కానీ నెలలు మానితే ఏమవుతుందో నాకు తెలుసు. 2020లో కరోనాకి ఈ మాత్రే మందు అన్నప్పుడు షాపుల్లో సరుకు మాయమైంది. నాకు ఐదు వారాలు దొరకలేదు. చివరికి వచ్చేసరికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి కత్తెర పట్టలేకపోయాను. ఆపాలన్నా తగ్గించాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. అమ్మ ఆపేసిందని రేపే ఫోన్ చేసి చెప్పండి, దాచొద్దు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది. ఎండిపోవడం కన్నుని సతాయిస్తుంది, నిదానంగా చూపించుకోవచ్చు. ఆగకూడనిది ఇంకోటి ఉంది. మూడేళ్ల కింద నా ఎడమ కన్ను ఎర్రబడింది. ఊళ్లో కండ్ల కలక తిరుగుతున్న రోజులు. మెడికల్ షాపుకి పోతే చుక్కలిచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది. మళ్లీ అదే సీసా. అట్లా నాలుగు నెలలు. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. కన్ను లోపల బరమాతో తొలుస్తున్నట్టు నొప్పి, అది కణత మీదుగా దవడ దాకా పాకింది. రెప్ప మీద వేలు ఆనించనివ్వలేదు. అద్దంలో చూస్తే తెల్లగుడ్డు మామూలు ఎరుపు కాదు, నేరేడు పండు రసం ఇంకినట్టు ఉంది. పుసి లేదు, రెప్పలు అంటుకోలేదు. కండ్ల కలకకి పొద్దున రెప్పలు అతుక్కుంటాయి, దురద ఉంటుంది, ఇంత లోతు నొప్పి ఉండదు. ఈ తేడా ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోండి.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయాను. అక్కడి డాక్టర్ ఒక చుక్క వేసి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూశారు. పైపై ఎరుపైతే ఆ చుక్కకి తెల్లబడుతుంది. నాది తెల్లబడలేదు. స్క్లెరైటిస్ అన్నారు, అంటే తెల్లగుడ్డు గోడకే వాపు. కంటి ప్రెషర్ చూస్తే 28 ఉంది, 10 నుంచి 21 మధ్య ఉండాలి. అది నాలుగు నెలల స్టెరాయిడ్ చుక్కల పని. మామూలుగా కీళ్లవాతం ఒంట్లో రాజుకున్నప్పుడే ఇట్లా కంటి మీద పడుతుందట. అందుకే కంటి చుక్కలతో పోలేదు, నోటి మాత్రలు, పైన నా కీళ్ల మందుల డోసు కూడా మార్చాల్సి వచ్చింది. ప్రెషర్‌కి చుక్కలు వేరే. మామూలుకి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల్లో నేను నేర్చుకున్నది ఒక్కటే. కీళ్ల డాక్టర్, కంటి డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆయన ఈమెని అడగమంటాడు, ఈమె ఆయన్ని అడగమంటుంది. మధ్యలో తిరిగేది మనమే. నేను ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమ పేజీలో కీళ్ల మందులు, డోసు, బరువు. కుడి పేజీలో కంటి ప్రెషర్, షిర్మర్, చుక్కలు, ఏ రోజు ఎరుపొచ్చింది, ఎన్ని రోజులుంది. ఎవరి దగ్గరికి పోయినా ముందు ఆ పుస్తకమే టేబుల్ మీద పెడతాను. వాళ్లే ఒకరి పేజీలో ఒకరు రాయడం మొదలుపెట్టారు. నువ్వు కూడా ఈరోజే మొదలుపెట్టు చెల్లె.

గోదావరిఖని_అన్న:

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నాది వెన్ను జబ్బు, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, రక్తపరీక్షలో హెచ్ఎల్ఏ బీ27 పాజిటివ్. ఇందులో కన్ను ఇంకో రకంగా దెబ్బతింటుంది. నల్లగుడ్డు చుట్టూ చేతి గాజులాగా గుండ్రంగా ఎర్రబడుతుంది, ట్యూబ్‌లైట్ కూడా చూడలేం, చూపు మసక. ఒకసారి కుడి కన్ను, ఆర్నెల్లకి ఎడమ కన్ను. యువైటిస్ అంటారు. నాకు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి ఐదు రోజులు ఆలస్యం చేశాను, లోపల కంటిపాప వెనకాల లెన్స్‌కి అతుక్కుపోయింది. ఇప్పటికీ ఆ కంటిపాప గుండ్రంగా లేదు.

తర్వాతి మూడుసార్లు వెలుగు గుచ్చుతున్నట్టు అనిపించిన రోజే పోయాను. గంటగంటకీ స్టెరాయిడ్ చుక్కలు, కంటిపాప అతుక్కోకుండా దాన్ని పెద్దది చేసే చుక్కలు ఇచ్చారు. అదే స్టెరాయిడ్ అక్కకి చెడు చేసింది, నాకు కన్ను నిలబెట్టింది. తేడా ఏంటంటే నాకు ప్రెషర్ చూస్తూ, వారానికోసారి తగ్గిస్తూ ఇచ్చారు. మన దేశంలో టీబీ వల్ల కూడా యువైటిస్ వస్తుంది కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష కూడా చేశారు. ఎందుకని విసుక్కోకుండా చేయించుకోండి.

ఇంకొకటి, పిల్లలకి కీళ్లవాతం ఉంటే ఈ యువైటిస్ చాలాసార్లు ఎరుపు లేకుండా, నొప్పి లేకుండా వస్తుంది. మా అన్న కూతురికి ఏడేళ్లు, కీళ్లవాతం ఉంది, రక్తపరీక్షలో ఏఎన్ఏ పాజిటివ్. ఏ బాధా లేకపోయినా మూడు నెలలకోసారి కళ్లు చూపిస్తున్నాం. ఎవరింట్లోనైనా అట్లాంటి పిల్లలుంటే కన్ను తెల్లగా ఉంది కదా అని ఊరుకోకండి.

ములుగు_పెద్దాయన:

బిడ్డా, మా ఇంట్లో కళ్లు మండితే నందివర్ధనం పూలు పెట్టుకుని పడుకుంటాం. చల్లగా ఉంటుంది. ఆ పూల రసం రెండు చుక్కలు కంట్లో పిండితే మంట పోతుంది. ఇన్ని మందులు ఎందుకు?

కుట్టుమిషన్_హన్మకొండ:

పెద్దయ్యా, మా అమ్మ కూడా నందివర్ధనం పూలు పెట్టేది. కళ్లు మూసుకుని రెప్పల మీద పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది, కాదనను. రసం కంట్లో పోయడం మాత్రం వద్దు. ఎండిపోయిన కంటికి పై పొర ముందే చెక్కుకుపోయి ఉంటుంది. పైగా మేం మింగే మెథోట్రెక్సేట్‌కి ఒంట్లో నిరోధం తగ్గి ఉంటుంది. ఆ రసంలో ఏ క్రిమి ఉన్నా కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద పుండు పడొచ్చు. దయచేసి ఈ ఒక్కటి ఎవరికీ చెప్పకండి.

కరీంనగర్_ఆప్టోమెట్రిస్ట్:

నేను కంటి ఆసుపత్రిలో పరీక్షలు చేసే పనిలో ఉన్నాను, డాక్టర్‌ని కాదు. హెచ్‌సీక్యూ వాడేవాళ్లకి మొదటి ఏడాదిలో ఒకసారి రెటీనా చూడాలి, ఏ ఇబ్బందీ లేకపోతే 5 ఏళ్ల తర్వాత నుంచి ఏటా చూడాలి. డోసు ఎక్కువైనా, కిడ్నీ బాగా లేకపోయినా ముందు నుంచే. మీ అమ్మగారికి 8 ఏళ్లంటే ఇప్పుడు తప్పనిసరి.

రెండు పరీక్షలు అడగండి. ఒకటి ఓసీటీ, రెటీనా పొరల్ని స్కాన్ తీస్తుంది, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. రెండోది విజువల్ ఫీల్డ్. గడ్డం ఆనించి కూర్చుని మధ్యలో చుక్కని చూస్తూ, పక్కన మిణుకుమన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలామంది దీనికి భయపడతారు, వెలుగు కనిపించలేదని ఏడ్చినవాళ్లున్నారు. కనిపించని చుక్కలు అందరికీ ఉంటాయి, మిషన్ అట్లాగే చేస్తుంది. అమ్మగారికి ముందే చెప్పండి. నడి మధ్య చూపుని మాత్రమే చూసే 10-2 అనే పరీక్ష మామూలుగా చేస్తారు. ఆసియా వాళ్లలో ఈ దెబ్బ నడి మధ్య కాకుండా కొంచెం బయటి వైపు మొదలవడం ఎక్కువ, అందుకే ఇంకా బయటిదాకా చూసే 24-2 కూడా చేయమని అడగండి. మందు పేరు చెప్పకుండా "చూపు మసక" అని మాత్రమే చెప్తే మామూలు అద్దాల పరీక్ష చేసి పంపేస్తారు. చీటీ రాయించేటప్పుడే హెచ్‌సీక్యూ 8 ఏళ్లుగా అని చెప్పండి.

కంటి చుక్కలు రోజుకి నాలుగుసార్లకంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోవాలి. సీసాలో కలిపే ఆ రసాయనమే ఎండిన కంటిని ఇంకా గీరుతుంది.

పరకాల_బిడ్డ:

అందరికీ చేతులెత్తి దండం. అక్కా, మీరు రాసింది అమ్మకి మొత్తం చదివి వినిపించాను. జొన్నరొట్టె దగ్గర ఆపమంది. తను కూడా చెంబు పక్కన పెట్టుకోకుండా తినదు, నేను ఇన్నాళ్లూ అది అలవాటనుకున్నాను.

నిన్న రేషన్ షాపు దగ్గర తూకం మీద నిలబెట్టాను. 48 కిలోలు. జబ్బు మొదట్లో 63 ఉండేది, పాత చీటీలో రాసి ఉంది. 48కి 5 చొప్పున 240 అవుతోంది, అమ్మ మింగేది 400. డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను. బరువు విని కాసేపు మాట్లాడలేదు. ప్రస్తుతానికి రోజుకి ఒకటే 200 వేయమన్నారు, మొత్తం ఆపొద్దన్నారు, కంటి రిపోర్టు తీసుకుని రమ్మన్నారు. బరువు సంగతి నేను కూడా చూసుకోలేదని బాధగా ఉంది.

వచ్చే మంగళవారం పోతున్నాం. రెండు సందేహాలు. ఇక్కడ చూపించాలా, హైదరాబాద్ పోవాలా? ఇంకోటి, అమ్మ వేళ్లు వంకర తిరిగాయి, సీసా నొక్కలేదు. నేను పనికి పోతే చుక్కలు ఎట్లా వేసుకోవాలి?

కుట్టుమిషన్_హన్మకొండ:

నీ తప్పేం లేదు చెల్లె, చూడాల్సినవాళ్లు ఎనిమిదేళ్లు చూడలేదు. నువ్వు వారంలో పట్టుకున్నావు.

మొదటి పరీక్షకి వరంగల్‌లోనే చూపించండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. పోయేముందు ఓసీటీ, ఫీల్డ్ రెండూ ఆ రోజు చేస్తారా అని ఫోన్‌లో అడుగు, లేకపోతే రెండుసార్లు తిరగాలి. రిపోర్టులో ఏదైనా తేడా వస్తే అప్పుడు హైదరాబాద్. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు పెట్టలేనివాళ్లకి ఉచితంగా కూడా చూస్తారు, కీళ్లకి నిమ్స్ ఆసుపత్రి దగ్గర్లోనే పంజాగుట్టలో ఉంది, రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోవచ్చు.

చుక్కలకి నేను చేసేది చెప్తాను. సీసా ఫ్రిజ్‌లో పెడతాను, చల్లగా తగులుతుంది కాబట్టి చుక్క కంట్లో పడిందో చెంప మీద పడిందో తెలుస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని, సీసాని వేళ్లతో కాకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఒత్తుతాను. సీసా మెడకి పాత గుడ్డ పీలిక నాలుగు చుట్లు చుట్టి కుట్టేశాను, లావుగా ఉంటే జారదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఒక్కో మోతాదుకి విడిగా వచ్చే చిన్న గొట్టాల మూతలు అమ్మ తిప్పలేదు, నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే విప్పి వేయి, ముందే విప్పి పెట్టొద్దు, విప్పిన వెంటనే వేసి మిగిలింది పారేయాలి. రాత్రి వేసే జెల్‌కి మసకగా ఉంటుంది, బయటికి పోయే పనులన్నీ అయ్యాకే వేయి.

మిర్చి పని చేసే రోజుల్లో చుక్కల ముందు చేతులు సబ్బుతో కడిగినా ఘాటు పోదు. ముందు కొంచెం మంచినూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగమను. పనిలో పక్కలు కూడా మూసే అద్దాలు పెట్టుకోమను. పడుకునేటప్పుడు ఫ్యాన్ గాలి ముఖం మీదికి తగలకుండా కాళ్ల వైపు తలపెట్టుకుంటే పొద్దున మంట సగం తగ్గుతుంది, ఇది నేను రోజూ చేసేదే.

మంగళవారం కంటిపాప పెద్దది చేసే మందు వేస్తారు, నాలుగైదు గంటలు దగ్గరివి కనిపించవు, వెలుగు గుచ్చుతుంది. అమ్మని బండి వెనక కూర్చోబెట్టకుండా బస్సులో తీసుకురా, నల్ల కళ్లద్దాలు మర్చిపోకు. నోటుబుక్కులో మొదటి పేజీలో 48 కిలోలు, తేదీతో రాసి పట్టుకుపో.